అరువు చెమట

ఆషాఢ శుద్ధ సప్తమి. చిన్న పోటు.

నీరు రెండో గీత దాటలేదు. పంపు దగ్గుతోంది. నూనె పంపమని కిందటి నెలలోనే రాశాను, పంపలేదు. డ్యూటీ రాత అయిపోయింది. ఇంతకుమించి ఈ పుస్తకంలో రాయకూడదని గోడకి రూలు అతికించారు. మిగతా పేజీ ఖాళీగా ఉంది, నాకేమో కడుపు నిండా కోపం ఉంది. రాస్తాను. పైవాళ్లు నూనె చీటీలే చదవరు, ఇది చదువుతారా? నా పేరు నూకరత్నం. ఆరో గట్టు, మూడో లైను, పంపుల గది.

పొద్దున్నే కొళాయి దగ్గర రభస. పక్కింటి దానయ్య బాబాయ్ చెయ్యి పెడితే కొళాయి తెరుచుకోలేదు. తుడిచి పెట్టాడు, ఊది పెట్టాడు, తిట్టి పెట్టాడు. ఉహూ. ఆయన మోచేతి కింద అతికించిన ఆరోగ్య పట్టీ చచ్చిన చేప కన్నులా తెల్లగా ఉంది. వానలు మొదలైతే ప్రతి ఏడూ ఇదే గోల. ఆ పట్టీకి బ్యాటరీ లేదు. మన చెమటా, మన ఒంటి కదలికా దాని తిండి. ముసురులో ముసలాయనకి చెమటెక్కణ్ణుంచి వస్తుంది?

పట్టీ ఇచ్చిన రోజున మైకులో చెప్పింది నాకింకా గుర్తే. ఉప్పు జబ్బు మూత్రపిండాలకి పట్టకముందే చెమటలో దాని జాడ కనిపెడుతుందట, ఎర్రగా వెలుగుతుందట, తొలి మెట్టులో దొరికితే మందుందట. ఒంట్లో ఏమీ లేకపోతే పచ్చగా వెలుగుతుంది. సముద్రం ఊళ్లోకొచ్చాక మా బావులన్నీ ఉప్పే, ఆ జబ్బుకి భయపడని ఇల్లు లేదు. అందుకే అందరం సంబరంగా చేతులు చాపాం. ఆ తర్వాత చెప్పారు అసలు సంగతి. పట్టీ ఏ రంగులోనైనా వెలుగుతూ ఉండాలి. వెలగకపోతే తీసేసినట్టే లెక్క. తీసేసిన వాడికి కొళాయి తెరుచుకోదు, వాడి వాటా నీళ్లు ఆ ఇంటికి లేనట్టే.

మా లైను దీనికి ఎప్పుడో విరుగుడు కనిపెట్టింది. మా ఆయన ఎల్లాజీ గట్టు మీద ఇసుక బస్తాలు మోస్తాడు. వానలో కూడా చెమట కారుతుంది ఆ మనిషికి. ఎవరి పట్టీ చల్లబడినా పొద్దున్న ఊడదీసి ఎక్కువగా ఎల్లాజీ చేతికే అతికిస్తారు, సాయంత్రం తెచ్చి ఎవరిది వాళ్లు పెట్టుకుంటారు. చెమట అరువంటాం దాన్ని. ఇవాళ దానయ్య బాబాయ్‌ది కూడా వెళ్లింది. సాయంత్రానికి పచ్చగా నిగనిగలాడుతూ తిరిగొచ్చింది, కొళాయి నోరు తెరిచింది.

నా పాదాలు ఉబ్బాయి. నిలబడి పంపు చూసే ఉద్యోగం కదా, అందుకే అనుకుంటున్నాను.

శ్రావణ శుద్ధ దశమి. వాన. పోటు మామూలే.

నీరు మూడో గీత. నూనె రాలేదు.

వాపు పాదాలు దాటి పిక్కల్లోకొచ్చింది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది. మూత్రం నురగ. ఒళ్లంతా దురద. పంపుల గది మెట్లు నాలుగెక్కేసరికి ఆయాసం. మా అమ్మ పోయే ముందు ఇలాగే ఉండేది, నాకు తెలుసు ఇదేమిటో. అయినా పట్టీ చూసుకుంటే పచ్చ. పచ్చ అంటే పచ్చి అరిటాకు పచ్చ.

ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. అక్కడ ప్రసూన మేడం అని పరిశీలకురాలు. మంచి చీర, మంచి మాట, చేతిలో మంచి తెర. తెర నా వైపు తిప్పింది.

"చూడండి నూకరత్నం గారూ, ఇన్ని వారాలుగా ఒక్క గీత కూడా తేడా లేదు. మీ లైనులో మీదే అన్నిటికన్నా చక్కటి రికార్డు."

"రికార్డు కాదండీ, నా కాళ్లు సూడండి."

"నిలబడే పని కదా. కాళ్లు ఎత్తు మీద పెట్టుకుని పడుకోండి."

"ఓసారి రక్తం తీసి సూడండమ్మా. సూదేగా."

"పచ్చగా ఉన్నవాళ్లకి రక్తం తీయడానికి నాకు అనుమతి లేదండీ. ఎర్రబడితే నేనే బండి పంపిస్తాను. పట్టీ అబద్ధం చెప్పదు."

ఆవిడ నా కాళ్ల వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే ఏమైపోయేదో! బయట బోర్డు మీద పెద్ద అక్షరాలు: ఆరో గట్టు, ఉప్పు జబ్బు లేని గట్టు. ఆ బోర్డు కింద కూర్చుని ఆయాసం తీర్చుకుని ఇంటికొచ్చాను. నాకు ఒళ్లు మండిపోతోంది, అది జబ్బు వల్ల మాత్రం కాదు.

శ్రావణ బహుళ విదియ. పెద్ద పోటు తగ్గుముఖం.

నీరు నాలుగో గీత నుంచి దిగుతోంది. పంపు నడుస్తోంది, దాని దయ.

ఇవాళ కేంద్రం నుంచి నాకొక కబురు. గదిలో మాట్లాడే పెట్టె ఆడగొంతుతో ఎంతో మర్యాదగా చెప్పింది: "నూకరత్నం గారూ, నిన్న మీరు కల్లు ఎక్కువగా తీసుకున్నారు. దయచేసి తగ్గించండి. బరువులు ఎత్తేటప్పుడు నడుము జాగ్రత్త."

కల్లు నేను జన్మలో ముట్టలేదు. నిన్నంతా మంచం దిగలేదు, ఎత్తిన బరువల్లా నా తలకాయే. నిన్న కల్లు తాగింది ఎవరో నాకు తెలుసు. గట్టు మీద కొత్త తూము పెట్టారని పనివాళ్లంతా పండగ చేసుకున్నారు. ముంత మీద ముంత వేసి పాటలు పాడుకుంటూ ఇంటికొచ్చాడు ఎల్లాజీ.

గోడ అవతల నుంచి దానయ్య బాబాయ్ కేక: "ఓలమ్మీ, నన్ను కల్లు మానమంటందే ఈ పెట్టి! మానేసి పదేళ్లయింది కదే!" ఎదురింటి సత్యవేణి గుమ్మంలోకొచ్చి నోరు నొక్కుకుంది. దాని అత్తగారు మంచంలో ఉంది, నోట్లో గంజి పోస్తే దిగడం లేదు. ఆ ముసలమ్మకి కూడా కల్లు తగ్గించమని కబురు.

లైనంతా విరగబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నా పట్టీ నేనెప్పుడూ అరువుకి ఇవ్వలేదు కదా?

మధ్యాహ్నం ఎల్లాజీ అన్నానికొచ్చాడు. చొక్కా చేతులు పైకి లాగాను. రెండు చేతుల నిండా వరసగా పట్టీలు, చేప పొలుసుల్లా. నాది ఎడమ భుజం దగ్గరుంది. నా మోచేతికి ఉన్నది వట్టి ముక్క, పాత పట్టీ డొక్కు మీద పచ్చ కాగితం అంటించాడు.

"ఎప్పట్నుంచి?"

"వానలు పడ్డకాడ్నుంచి. నీది మరీ సల్లబడిపోతంది రత్నం. నువ్వు పడుకునుంటే తీసేవోణ్ణి. సాయంత్రం కొళాయి కాడికెళ్లే ముందు, నువ్వు కునుకు తీత్తంటే పెట్టేసేవోణ్ణి. నీళ్లకి ఇబ్బంది పడకూడదని."

"మరి అందులో ఉన్నది నా ఒళ్లా, నీ ఒళ్లా?"

"అదేం మాటే! నీ పట్టీ నీదే. మొదట అంటింది నీ ఒంటికే కదా, అది నిన్నెరిగే ఉంటది. నేనిచ్చేది సెమటే. పక్కింటి నుంచి నిప్పు తెచ్చుకుని పొయ్యి ఎలిగిత్తే ఉడికేది మన బియ్యమే కదే?"

అదీ మా లైను తెలివి. ఒక్కడికి కాదు, అందరికీ అదే నమ్మకం. నిప్పు అరువు తెచ్చుకునే వాళ్లం కదా తరతరాలుగా, చెమట కూడా అంతేననుకున్నాం. కల్లు కబురు రాకపోతే నేనూ అలాగే నమ్మేదాన్ని.

"నా ఒంట్లో ఏముందో నీ ఒంటినడిగితే ఏం తెలుత్తాదయ్యా? అది కల్లు రుచి సెప్పింది, నీ నడుం నొప్పి సెప్పింది. నా కాళ్ల సంగతి సెప్పిందా?"

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నేను కంచం తీసి దడాల్న బల్ల మీద కొట్టాను. పాపం అనిపించింది, అయినా కొట్టాను. ప్రేమ అంటే ఇలాగేనా చేసేది? అడగకుండా మనిషి ఒంటి మీంచి మనిషి జాడ ఊడదీసుకుపోవడమా?

శ్రావణ అమావాస్య. పెద్ద పోటు.

నీరు నాలుగో గీత మీద. రెండో పంపు ఆగింది, చేత్తో తిప్పి నడిపించాను. తిప్పింది నేను కాదు, ఎల్లాజీ వచ్చి తిప్పాడు. నాకు ఓపిక లేదు.

నా పట్టీ నా ఒంటికే పెట్టుకున్నాను. వెలగలేదు. నాచు ఎండబెట్టే కొట్లో వేడి గాలి దగ్గర కూర్చున్నాను. ముఖం ఎర్రబడింది గానీ ఒంటికి తడి పట్టలేదు, చర్మం పొట్టు రాలుతోంది. నడిచాను, పదడుగులకి కూలబడ్డాను. పట్టీ తెల్లగా నన్ను చూస్తూనే ఉంది. సాయంత్రానికి నాకు కొళాయి మూసుకుంది, ఇక ఎల్లాజీ వాటాలోనే ఇద్దరం సర్దుకోవాలి.

కుంటుకుంటూ మళ్లీ కేంద్రానికి.

"పట్టీ ఎందుకు తీసేశారండీ?" అంది ప్రసూన మేడం, మొదటి మాటే అది.

"తీయలేదమ్మా. నాకు సెమట పట్టట్లేదు."

"వెలగకపోతే తీసేసినట్టే నమోదవుతుంది. కొన్నాళ్లు ఆగకుండా వెలగనివ్వండి. ఎర్రబడితే అప్పుడు రక్తం తీద్దాం."

"జబ్బు సేసినోడికే కదండీ సెమట పట్టదు? మంచం మీద పడ్డోడే కదండీ కదలంది? మరి మీ పట్టీ ఎవర్ని కనిపెడతాదండీ, బస్తాలు మోసేవోణ్ణా?"

ఆవిడ ముఖంలో ఏదో కదిలింది. అరక్షణం. తర్వాత తెర వైపు తిరిగిపోయింది. "నియమాలు నేను పెట్టలేదు నూకరత్నం గారూ" అంది. నియమాలు పెట్టినవాడు ఎప్పుడూ గదిలో ఉండడు, అది కూడా ఒక నియమమే కాబోలు.

అరువు సంగతి చెప్పేద్దామని నోటి చివరిదాకా వచ్చింది. చెబితే ఏమవుతుంది? ఎల్లాజీని గట్టు పని నుంచి తీసేస్తారు. మా కొళాయీ, అరువు తీసుకున్న ప్రతి ఇంటి కొళాయీ మూసేస్తారు. మింగేసి వచ్చేశాను.

భాద్రపద శుద్ధ అష్టమి. చిన్న పోటు.

నీరు రెండో గీత. నూనె వచ్చింది! తప్పు రకం.

ఎల్లాజీ మిగతా పట్టీలు కూడా తీసేస్తానని లైనులో చెప్పాడు. కల్లు కబురు రెండోసారి వచ్చాక మనిషి వణికిపోయాడు. మా గుమ్మం ముందు అందరూ పోగయ్యారు.

"తీసేత్తే మా అత్తకి నీళ్లెవరు పోత్తారు బావా?" అంది సత్యవేణి. "అది అబద్ధమో నిజమో, పచ్చగుంటే నీళ్లొత్తన్నాయి."

"ఆవిడికి జబ్బుంటే?" అన్నాను.

"జబ్బుంటే నెల్లాళ్లు పడతాది అక్కా సావడానికి. నీళ్లు లేపోతే రెండ్రోజులు."

దానయ్య బాబాయ్ని చూశాను. మనిషి సగమయ్యాడు. ముఖం ఉబ్బి కళ్లు చిన్నవయ్యాయి, గోళ్లతో చేతులు రక్తం వచ్చేలా గోక్కుంటున్నాడు. నాకు లోకంలో మిగిలిన పెద్దదిక్కు ఆయనే. మా అమ్మానాన్నలు పోయాక నా పెళ్లి చేసింది ఆయన, అలిగితే బుజ్జగించేదీ ఆయనే.

"బాబాయ్, ఇద్దరం ఎల్లి ఉన్నది ఉన్నట్టు సెప్పేద్దాం. రక్తం తీయకేం సేత్తారో సూద్దాం."

"ఎల్లాజీని గట్టెక్కనివ్వరే. పదిళ్ల నీళ్లు పోతాయి. నా ఒక్కడి కోసం అంత పాపం నాకొద్దు."

"నీ కోసం కాదు. నా కోసం."

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "నేను పోయేదాకా ఆగవే. అట్టే రోజులు పట్టదులే. తర్వాత నీ ఇట్టం" అని నవ్వాడు.

ఆ నవ్వుకి నేను లొంగిపోయాను. నా ప్రాణం మీదికొచ్చింది, మందు తొలి మెట్టులోనే పని చేస్తుందట, నా మెట్లు ఒక్కొక్కటీ జారిపోతున్నాయి. అయినా ఒప్పుకున్నాను. నా మీద నాకే కోపం. ఆయన మీద కోపం. పచ్చ రంగంటేనే కోపం. ఇవాళ తోటకూర కూడా వండలేదు.

భాద్రపద బహుళ తదియ. పోటు వస్తోంది.

నీటిమట్టం చూడలేదు. ఏం చేసుకుంటారో చేసుకోండి.

దానయ్య బాబాయ్ పొద్దున పోయాడు. గంజి తీసుకెళ్లేసరికి గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు, ఒళ్లో చెయ్యి అలాగే గోక్కుంటున్నట్టు ఉంది. ఎల్లాజీకి కబురు పంపాను. గట్టు మీంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు, ఒళ్లంతా చెమట. ఇసుక దిబ్బ అవతల పూడ్చి వచ్చాం.

తిరిగొచ్చి ఎల్లాజీ కాళ్లు కడుక్కోవడానికి చొక్కా చేతులు మడిచాడు. అప్పుడు చూశాం ఇద్దరం. కుడి మోచెయ్యి పైన, తెల్లవారుజామున అరువుకి తీసుకెళ్లిన దానయ్య బాబాయ్ పట్టీ. పచ్చగా, చక్కగా, నిండు ఆరోగ్యంతో వెలుగుతోంది.

ఎల్లాజీ దాన్ని చూసి పెద్దగా ఏడ్చాడు. మా పెళ్లయ్యాక ఆ మనిషి అలా ఏడవడం నేను చూడలేదు. ఊడదీయబోయాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

"తియ్యకు. పద."

ఎంత ఆయాసపడుతూ నడిచానో చెప్పలేను, మూడుసార్లు దారిలో కూర్చున్నాను. మా వెనక లైనంతా వచ్చింది, ఎందుకో వాళ్లకీ తెలీదు. కేంద్రంలో బయటి ఊళ్ల నుంచి ఎవరో పెద్దమనుషులు వచ్చి ఉన్నారు, జబ్బు లేని గట్టుని చూసిపోదామని. ప్రసూన మేడం తెర చూపిస్తూ మాట్లాడుతోంది. నేను తిన్నగా వెళ్లి ఎల్లాజీ చెయ్యి తీసి ఆవిడ బల్ల మీద పెట్టాను.

"దానయ్య ఎలాగున్నాడో సూసి సెప్పండమ్మా."

"నూకరత్నం గారూ, ఇప్పుడు కాదు—"

"ఇప్పుడే. అందరికీ వినపడేట్టు సెప్పండి."

తెర ఆవిడ చేతిలోనే ఉంది, పేరు వెతికితే ఎంతసేపు? చదివింది. "దానయ్య గారు. పచ్చ. ఈ క్షణం కూడా ఆరోగ్యంగానే ఉన్నారు. ఇవాళ వ్యాయామం బాగా చేశారు. ఏం?"

"ఆయన్ని పూడ్చిపెట్టే వత్తన్నాం."

ప్రసూన మేడం తెర చూసింది, ఎల్లాజీ చెయ్యి చూసింది. ఆ చేతి మీద వరసగా ఉన్న పచ్చ చుక్కలన్నీ చూసింది. మనిషి ముఖం తెల్లగా పాలిపోయింది.

"ఇది నేరం" అంది. "ఇది చాలా పెద్ద నేరం ఎల్లాజీ గారూ."

"అవునండి" అన్నాడు ఎల్లాజీ. "నన్నేం సేసుకుంటారో సేసుకోండి. ముందు మా ఆవిడ రక్తం తియ్యండి. మా బాబాయికి నేను సెమటే ఇచ్చాననుకున్నానండి. సావిచ్చాను."

"నువ్వివ్వలేదు!" అని అరిచాను నేను. ఎల్లాజీ మీద ఇన్నాళ్లు పెంచుకున్న కోపమంతా ఆ అరుపులో పోయింది, పోయి ఎటు వెళ్లాలో అటే వెళ్లింది. "సెమట పట్టనోడికి నీళ్లు ఆపినోళ్లు ఇచ్చారు. కాళ్లు సూడమంటే తెర సూసినోళ్లు ఇచ్చారు. మాకు బుద్ధి లేదు, నిప్పూ సెమటా ఒకటే అనుకున్నాం. మీకు సదువుంది కదా, మంచంలో ఉన్న ముసలమ్మ బస్తాలు మోత్తందని తెర సెబుతుంటే ఒక్కరికీ అనుమానం రాలేదేం? పచ్చగా ఉంటే మీకూ బాగుంది. అంతే కదా?"

సత్యవేణి ముందుకొచ్చింది. "నా ఒంటి మీద మా ఆడపడుచు పట్టీ ఉందండి" అంది. వెనక ఎవరో ముసలాయన నాది నా అల్లుడి దగ్గరుందన్నాడు. ఒకరి తర్వాత ఒకరు చొక్కాలు మడుస్తున్నారు, కొంగులు తొలగిస్తున్నారు. వచ్చిన పెద్దమనుషులు గోడకి జరిగి నిలబడ్డారు.

ప్రసూన మేడం సొరుగు లాగి సూది తీసింది. రెండుసార్లు నరం తప్పింది. ఆ నొప్పి నాకు కావాలనిపించింది.

ఆశ్వయుజ శుద్ధ ఏకాదశి. పోటు మామూలే.

నీరు మూడో గీత. రెండు పంపులూ నడుస్తున్నాయి.

నాది రెండో మెట్టు దాటిందట. మందు మొదలుపెట్టారు. పోయిన భాగం తిరిగి రాదు గానీ ఉన్నది నిలబడుతుందంటున్నారు, అదీ నమ్మకంగా కాదు. ఆషాఢంలోనే రక్తం తీసుంటే మాత్ర ఒక్కటి సరిపోయేదట. ఈ మాట డాక్టరు ఎంత మామూలుగా అన్నాడో! లైనులో ఇంకా నలుగురికి ఉంది, సత్యవేణి అత్తగారితో కలిపి. ఆవిడకి ఇక మందు లేదు.

ఎల్లాజీని గట్టెక్కనివ్వడం లేదు. మా లైను కొళాయిలు చాలావరకు మూసేశారు, నాలుగో లైను వాళ్లు బిందెలతో తెచ్చి పోస్తున్నారు. కేంద్రం బోర్డు మీది రాతకి సున్నం కొట్టారు. కింద అక్షరాలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

ఇవాళ పొద్దున దానయ్య బాబాయ్ ఇంటి తలుపుకి కేంద్రం వాళ్లు ఒక కాగితం అంటించి పోయారు. ఎల్లాజీ చేతి మీంచి ఆయన పట్టీ ఊడదీసి లోపల పెట్టుకున్నారు కదా, అది చల్లారింది. కాగితంలో ఇలా ఉంది: "దానయ్య గారూ, మీరు పట్టీ తీసేసినట్టు గుర్తించాం. ఇది నియమ విరుద్ధం. తిరిగి ధరించే వరకు మీకు నీటి సరఫరా నిలిపివేస్తున్నాం."

ఎల్లాజీ చదివి, సమాధి దగ్గర పెట్టొద్దామా అన్నాడు. వద్దన్నాను. బాబాయ్‌కి ఇంకా ఎందుకు ఈ చీదర?

దాన్ని ప్రసూన మేడం బల్ల మీద పెడతాను. ఆవిడ తీసేస్తే మళ్లీ రాసి పెడతాను, నాకు రాత వచ్చు. ఇంటింటికీ సూది వచ్చేదాకా, చెమట పట్టని ప్రతి మనిషికీ మా లైను కొళాయి తెరుచుకునేదాకా రోజూ పెడతాను. ఇప్పుడే బయల్దేరుతున్నాను. కాళ్లు ఉబ్బే ఉన్నాయి, నడవగలను.